ముళ్లపొదలు మేసే జంతువుల్లో మీ నేలకు ఏది సరిపోతుంది?

పట్టించుకోకుండా వదిలేసిన నేలను ముళ్లకంప కొన్నేళ్లలోనే కమ్మేస్తుంది. కత్తి పట్టుకుని లోపలికి దిగితే ఒళ్లంతా గీరుకుపోతుంది. యంత్రం దింపితే టైర్లు పంక్చరవుతాయి. కలుపుమందు కొడితే పక్కనున్న పనికొచ్చే చెట్టు కూడా మాడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "మేకల్ని తోలితే సరి" అంటారు, ఇంకొకరు గాడిద మేలంటారు, మరొకరు పందుల్ని వదలమంటారు. ముగ్గురు చెప్పేదీ నిజమే, కానీ ముగ్గురూ మాట్లాడేది ఒకే మొక్క గురించి కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "ఇది ముళ్లు తింటుందా?" అని చూసి జంతువును ఎంచుకుంటే డబ్బు వృథా. ఆ మొక్కలో ఏ భాగాన్ని తింటుంది, మొక్క మళ్లీ చిగురిస్తే అప్పుడూ తింటుందా, పని అయిపోయాక ఆ జంతువును ఏం చేస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

ముల్లు దేన్ని ఆపుతుంది?

ముల్లు ఉన్నంత మాత్రాన మేత ఆగదు, నెమ్మదిస్తుంది. ముళ్లు లేని కొమ్మ మీద జంతువు ఒక్క పట్టుకే నోటినిండా ఆకు లాగేస్తుంది. ముళ్లున్న కొమ్మ మీద ఆకు ఆకూ ఏరుకోవాలి. నోరు ఎంత వెడల్పైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. అందుకే సన్న మూతి, చురుకైన పెదవి ఉన్నవి ముళ్లచెట్ల దగ్గర నెగ్గుకొస్తాయి, వెడల్పు మూతి ఉన్న ఆవు వెనకబడుతుంది. మొక్కా ఊరుకోదు. మేత ఎక్కువగా పడేచోట కొన్ని తుమ్మజాతి చెట్లు కొత్త కొమ్మలకు ఇంకా పొడవైన ముళ్లు వేస్తాయి. జంతువుల్ని రానివ్వకుండా కొన్నేళ్లు ఉంచితే ఆ ముళ్లు మళ్లీ కురచవుతాయి.

ముళ్లన్నీ ఒక రకం కావు. తుమ్మ, రేగు లాంటి వాటికి గట్టి ముళ్లు, మధ్యలో చిన్న ఆకులు. గులాబీ, బ్లాక్‌బెర్రీ (నల్లటి చిన్న పండ్లు కాసే ముళ్లపొద) జాతివాటికి వెనక్కి వంగిన కొక్కేల్లాంటి ముళ్లు. ఇవి నోటికంటే ముందు చర్మాన్ని, బొచ్చును పట్టుకుంటాయి. థిసిల్ అనే ముళ్ల ఆకుల కలుపుజాతి మొక్కలకు ఆకు అంచే ముల్లు, అది లేతగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది. వీటన్నిటికంటే మొండిది నాగజెముడు. దాని పొడవు ముళ్లను చూసి భయపడతాం గానీ, అసలు బాధ వాటి మొదట్లో గుత్తిగా ఉండే నూగుముళ్లది. కంటికి సరిగా కనపడనంత సన్నగా ఉంటాయి, ఒక్కోదానికీ వెనక్కి తిరిగిన సన్న కొక్కేలుంటాయి, గుచ్చుకుంటే ఒక పట్టాన రావు.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే పెద్దది వేరు. ముళ్లపొదల్లో ఎక్కువ భాగం పైన ఎంత మేసినా వేరులో దాచుకున్న పిండిపదార్థంతో మళ్లీ లేస్తాయి. ఒక్కసారి మేపి వదిలేస్తే కత్తిరించిన కంచెలాగా ఇంకా గుబురుగా వస్తాయి. చిగురు పూర్తిగా విచ్చుకుని, వేరు తన నిల్వను ఖర్చుపెట్టేసిన సమయంలో మళ్లీ మేపాలి. ఇలా రెండు మూడు సీజన్లు చేస్తేనే మొక్క నీరసించి చస్తుంది. అన్నాళ్లు ఆ జంతువును మళ్లీ మళ్లీ తేగలరా లేదా అన్నదే నిజానికి మొదటి ప్రశ్న.

తర్వాత విషం. ముల్లున్నది తినదగినదేనని అనుకోవద్దు. లాంటానా (రంగురంగుల పూలగుత్తులుండే కలుపుపొద) కాండానికి చిన్న ముళ్లుంటాయి, ఆకు తింటే పశువుల కాలేయం దెబ్బతింటుంది, ఆపైన ఎండ తగిలిన చర్మం పుండ్లవుతుంది. పొదల మధ్య గన్నేరు గానీ, చలి ప్రాంతాల్లో పెరిగే రోడోడెండ్రాన్, యూ చెట్టు గానీ ఉంటే అవి ఇంకా ప్రమాదం. మందను లోపలికి తోలకముందే నేలంతా ఒకసారి నడిచి చూడాలి.

విత్తనం సంగతి చాలామంది మర్చిపోతారు. సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ కాయలు తియ్యగా ఉంటాయి, పశువులు ఇష్టంగా తింటాయి. ఆవుల పొట్టలోంచి వాటి గింజల్లో చాలాభాగం చెక్కుచెదరకుండా పేడలోకి వస్తాయి, అక్కడే ఎరువుతో సహా మొలుస్తాయి. గొర్రెలు, మేకలు ఎక్కువ గింజల్ని నమిలేస్తాయి గానీ అన్నిటినీ కాదు. కాయలు పండే కాలంలో మేపితే కంపను తీయడం మాట అటుంచి మీరే నాటుతున్నట్టు.

ఇక కంచె, తోడు జంతువు లాంటివి. ఇవి జంతువును బట్టి మారతాయి, కాబట్టి ఒక్కొక్కదాని దగ్గరా చెబుతాను.

మేక

మేక తుమ్మకొమ్మను ఎలా మేస్తుందో దగ్గరగా చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. ముందు పై పెదవితో తడుముతుంది. ఆ పెదవి సన్నగా, వేలిలా కదులుతుంది. రెండు ముళ్ల మధ్య ఖాళీలోకి మూతిని పక్కకు వంచి దూర్చి, ఆకును పెదవితో లోపలికి లాక్కుని, కింది పళ్లకూ పై దవడకుండే గట్టి చిగురుకూ మధ్య బిగించి తెంపుతుంది. పైవరసలో ముందు పళ్లు ఉండవు. కొమ్మ లేతదైతే కొసనుంచి ముళ్లతో సహా నమిలేస్తుంది, ఆ ముళ్లు ఇంకా గట్టిపడలేదు కాబట్టి. ముదురు ముల్లును మాత్రం ముట్టుకోదు. కాబట్టి "మేక ముళ్లు తింటుంది" అన్నది సగం నిజం. ముళ్ల మధ్య ఉన్నదాన్ని ఏరుకోవడంలో దాన్ని మించినది పెంపుడు జంతువుల్లో తక్కువ.

అందని కొమ్మ కోసం వెనక కాళ్ల మీద నిలబడుతుంది, సుమారు 2 మీటర్ల ఎత్తు వరకు మేస్తుంది. మొరాకోలో ముళ్లుండే ఆర్గాన్ చెట్లు ఎక్కి కొమ్మల మీదే నిలబడి మేసే మేకలు లోకమంతటికీ తెలిసినవే. ముళ్లపొదల ఆకుల్లో వగరు పదార్థాలు, అంటే టానిన్లు ఎక్కువ. వాటిని ఆవు, గొర్రెల కంటే మేక బాగా తట్టుకుంటుంది. ఇంకో లాభం ఉంది. కడుపులో చేరే నులిపురుగుల పిల్లలు ఎక్కువగా నేలనుంచి జానెడు ఎత్తులోపలి గడ్డి మీదే ఉంటాయి. పైన ఆకు మేసే మేకకు ఆ బెడద తక్కువ, అదే మేకను పొట్టి గడ్డి మీదికి తోలితే ఎక్కువ.

పని ఎంత అవుతుందో లెక్క వేసుకోండి. మేక రోజుకు తన బరువులో 3 నుంచి 4 శాతం ఎండుమేత తింటుంది. 30 కిలోల మేకంటే దాదాపు కిలో, పచ్చి ఆకుగా చూస్తే మూడు నాలుగు కిలోలు. పెద్ద బీడులో రెండు మేకల్ని వదిలి అద్భుతం జరుగుతుందని ఎదురుచూస్తే లాభం లేదు. పైగా చోటు విశాలంగా ఉంటే తమకు ఇష్టమైనవే ఏరుకుంటాయి, మీరు పోవాలనుకున్న మొక్క అలాగే నిలుస్తుంది. చిన్న గళ్లుగా కంచె వేసి, ఒక్కో గడిలో ఎక్కువ మేకల్ని కొద్దిరోజులు ఉంచి, ఆకంతా అయిపోగానే పక్క గడికి మార్చాలి. నా లెక్కలో మేకల ఖర్చులో సగం కంచెదే. నాసిరకం ఫెన్సింగ్ వేసి, మేకలు తప్పించుకున్నాయని ఫిర్యాదు చేయడం అన్యాయం.

మేక మంచి చెడు చూడదు. పండ్లచెట్ల బెరడు చుట్టూ కొరికేస్తే చెట్టు చచ్చిపోతుంది. ఉంచాలనుకున్న చెట్లకు విడిగా రక్షణ కట్టాలి. పొడవు బొచ్చుండే అంగోరా రకాన్ని కొక్కేల ముళ్లలోకి తోలొద్దు, బొచ్చు చిక్కుకుని విలవిల్లాడతాయి. నాగజెముడు దగ్గర మేకకూ హద్దుంది. పండ్ల కోసం ఎగబడితే నూగుముళ్లు పెదవుల్లో, నాలుకలో దిగి పుండ్లవుతాయి, చీము పడుతుంది, మేత మానేస్తుంది. సర్కారు తుమ్మ కాయలు కూడా ఏవో కొన్నయితే ఫరవాలేదు. నెలల తరబడి అవే మేతగా పెడితే దవడను కదిలించే నరాలు దెబ్బతిని నమలలేని స్థితి వస్తుంది. ఇది మేకల్లోనూ, ఆవుల్లోనూ చూసిన జబ్బే.

ఒంటె

నోటి నిర్మాణం ఒక్కటే చూస్తే మొదటి బహుమతి దీనికే. బుగ్గల లోపల శంకువుల్లా పొడుచుకొచ్చిన కండలుంటాయి, పైన గోరులాంటి గట్టి పదార్థం కప్పి ఉంటుంది. అవన్నీ గొంతు వైపే వాలి ఉంటాయి. ముల్లు నోట్లోకి వెళ్లాక వాటి మీద జారుతూ లోపలికే పోతుంది గానీ అడ్డం తిరిగి గుచ్చుకునే అవకాశం తక్కువ. అంగిలి గట్టిది. పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది, రెండు సగాలూ వేర్వేరుగా కదులుతాయి. మేక వదిలేసే ముదురు ముళ్లకొమ్మల్నీ, నాగజెముడు మట్టల్నీ ఒంటె ముళ్లతోనే నమలగలదు. సుమారు 3.5 మీటర్ల ఎత్తు వరకు అందుకుంటుంది.

అయితే దాని స్వభావమే మీ పనికి అడ్డం. ఒంటె ఒక చెట్టు దగ్గర నాలుగు పట్లు తిని నడిచిపోతుంది. ఎడారి మొక్కలు బతకడానికి ఆ అలవాటు మేలు, మొక్కల్ని చంపాలనుకునే మీకు కాదు. ఒకే చోట ఆపి మేపాలంటే బలమైన కంచె, అనుభవమున్న మనిషి ఉండాలి. దానికి ఉప్పు మిగతా పశువుల కంటే చాలా ఎక్కువ కావాలి, ఉప్పదనం ఉన్న మొక్కలు లేకపోతే విడిగా పెట్టాలి. ఎదకొచ్చిన మగ ఒంటె దగ్గరికి కొత్తవాళ్లు వెళ్లకూడదు. చూలు మోసే కాలం దాదాపు 13 నెలలు, కాబట్టి మంద పెరగడమూ నెమ్మదే.

విశాలమైన ఎండునేల, ఎత్తైన తుమ్మలు, ఇప్పటికే ఒంటెలతో అలవాటు ఉంటే నిస్సందేహంగా మంచిదే. కింద మేకలు, పైన ఒంటెలు మేస్తే చెట్టుకు కోలుకునే సందు దొరకదు. ఒకటి రెండు ఎకరాల కోసం ఒంటెను కొనాలన్న ఆలోచన మాత్రం మానుకోండి.

గాడిద

గాడిదను థిసిల్ కోసం తలచుకోవాలి. లేత మొక్కను, పూలగుత్తిని, కోసి వాడబెట్టిన కాడను ఇష్టంగా తింటుంది. కోసి ఒకటి రెండు రోజులు వాడబెడితే ముల్లు మెత్తబడుతుంది, తినడం ఇంకా పెరుగుతుంది. నెమరు వేయదు, ముతక మేతను రోజంతా కొద్దికొద్దిగా తింటూ ఉండటం దాని తీరు. పొదల బెరడు కూడా ఒలుస్తుంది. కొక్కేల ముళ్ల గుబురులోకి చొచ్చుకుపోయే పని మాత్రం దీనితో కాదు.

ఇందులో ఉండే చిక్కు వేరు. కంప పోయి పచ్చగడ్డి రాగానే గాడిద లావెక్కుతుంది, గిట్టల్లో వాపు జబ్బు వస్తుంది. ఏ కారణంతోనైనా ఉన్నట్టుండి మేత మానేస్తే రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. అంటే పని బాగా చేసినకొద్దీ మీ నేల దానికి పనికిరాకుండా పోతుంది. ఒంటరిగా ఉండలేదు, కనీసం రెండు కావాలి. బాగా చూసుకుంటే 30 ఏళ్లు కూడా బతుకుతుంది. పొద తీసే పని మూడేళ్లలో అయిపోతే మిగతా కాలమంతా సాకాలి. సాకాలన్న ఇష్టం ఉంటేనే తెచ్చుకోండి.

గొర్రె, ఆవు

ఈ రెండూ గడ్డి మేతకే పుట్టినవి. గొర్రె థిసిల్ లేత మొలకల్ని, వసంతంలో బ్లాక్‌బెర్రీ చిగుళ్లను తింటుంది, అంతే. ఉన్ని ముళ్లలో ఇరుక్కుంటే కదల్లేక అక్కడే ఉండిపోతుంది. మేకలు పొదను అణచిన తర్వాత గడ్డిని, మొలకల్ని అదుపులో ఉంచడానికి మాత్రం గొర్రె పనికొస్తుంది. రెండింటినీ కలిపి మేపితే ఖనిజలవణాల మిశ్రమం విడివిడిగా పెట్టాలి. మేకకు సరిపడే రాగి గొర్రెకు విషమవుతుంది.

ఆవు నాలుకతో చుట్టి లాగుతుంది, ముళ్లున్నచోట ఆ పద్ధతి నాలుకకే ముప్పు. ఆ గాయాల్లోంచి బ్యాక్టీరియా చేరి నాలుక చెక్కలా బిగుసుకుపోయే జబ్బు వస్తుంది. ఆవు బరువుకు పొదలు నలిగి దారులు పడతాయి, ఆ దారుల్లో మేకలు లోపలికి వెళ్తాయి, అదొక ఉపయోగం. టెక్సస్‌లో కరువొచ్చినప్పుడు గ్యాస్ మంటతో నాగజెముడు ముళ్లను కాల్చి ఆవులకు మేపడం పాత పద్ధతి. కానీ ఆ మట్టల్లో 85 నుంచి 90 శాతం నీరే, ప్రొటీన్ తక్కువ, ఎక్కువ తింటే పారుడు. తోడుగా వేరే దాణా పెట్టకుండా దీన్నే నమ్ముకోకూడదు.

పంది

మిగతావన్నీ పైనుంచి వస్తాయి, పంది కిందినుంచి వస్తుంది. మూతితో నేల తవ్వి వేర్లను, దుంపల్ని పెకలిస్తుంది. బ్లాక్‌బెర్రీ లాంటి పొదకు ఇదే చావుదెబ్బ. ముళ్ల కాడల్ని పెద్దగా తినదు, అందుకే మేకలతో ఆకు తీయించి, ఎండిన కాడలు కొట్టేసి, ఆ తర్వాత పందుల్ని దింపడం మంచి వరస. దున్నినట్టు తయారైన నేలలో వెంటనే కావలసిన గడ్డి విత్తనం చల్లాలి, లేకపోతే ఇంకో కలుపు వస్తుంది. ఏటవాలు నేలలో, చెరువు గట్టున పందుల్ని వదలొద్దు. మొదటి పెద్ద వానకే మట్టి కొట్టుకుపోతుంది.

పురుగులు మీ చేతిలో ఉన్న దారి కాదు

చరిత్రలో ముళ్లమొక్కల మీద అతిపెద్ద గెలుపు పురుగులదే కాబట్టి చెప్పక తప్పదు. ఆస్ట్రేలియాలో కోట్ల ఎకరాలను నాగజెముడు ఆక్రమించినప్పుడు, 1925లో అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మట గుడ్లు తెచ్చి, 1926 నుంచి వదిలారు. దాని గొంగళి పురుగులు మట్టల లోపల తొలిచి తింటాయి, ముళ్ల గొడవే లేదు. కొన్నేళ్లలోనే ఆ అడవి కుళ్లి కూలిపోయింది. క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గాలో ఆ చిమ్మట పేరు మీద 1936లో ఒక హాలే కట్టారు. భారతదేశంలో ఇంకా ముందే, 1795లో, ఎర్రరంగు తీయడానికని బ్రెజిల్ నుంచి పురుగును తెచ్చారు. వచ్చింది కావలసిన జాతి కాదు, రంగు సరిగా రాలేదు, కానీ అది ఒక రకం నాగజెముడును తుడిచిపెట్టేసింది.

రెండో వైపు కూడా చూడండి. అదే చిమ్మటను 1957లో కరీబియన్ దీవుల్లో వదిలారు. 1989లో అది ఫ్లోరిడాలో కనపడింది, ఇప్పుడు అక్కడి సొంత కాక్టస్ జాతుల్నే తినేస్తోంది. థిసిల్ కోసం ఉత్తర అమెరికాలో వదిలిన ముక్కుపురుగు కూడా స్థానిక థిసిల్ జాతుల మీద పడింది. పురుగును ఒకసారి వదిలితే వెనక్కి పిలవలేం. ఇది ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఏళ్ల పరీక్ష తర్వాత తీసుకోవలసిన నిర్ణయం, సొంతంగా తెచ్చి వదిలేది కాదు.

జిరాఫీ, నల్ల ఖడ్గమృగం, గాలాపగోస్ తాబేలు కూడా ముళ్లమొక్కల్ని తింటాయి. 45 సెంటీమీటర్ల జిరాఫీ నాలుక అద్దెకు దొరకదు కాబట్టి వాటిని ఇక్కడితో వదిలేద్దాం.

పక్కపక్కన పెట్టి చూస్తే

| జంతువు | బాగా తినేది | వదిలేసేది | అందే మేర | ముఖ్యమైన తలనొప్పి |
|---|---|---|---|---|
| మేక | ఆకు, చిగురు, లేత ముళ్లు, బెరడు | ముదురు ముళ్లు, వేరు | సుమారు 2 మీ. | కంచె, పండ్లచెట్లు |
| ఒంటె | ముదురు ముళ్లకొమ్మలు, నాగజెముడు | వేరు; ఒకచోట నిలవదు | సుమారు 3.5 మీ. | విశాలమైన నేల, అనుభవం |
| గాడిద | థిసిల్, ముతక గడ్డి, బెరడు | కొక్కేల ముళ్ల గుబురు | తల అందినంత | లావెక్కడం, దీర్ఘాయుష్షు |
| గొర్రె | మొలకలు, లేత చిగుళ్లు | పెరిగిన పొద మొత్తం | కింది భాగం | ఉన్ని చిక్కుకోవడం |
| ఆవు | కాల్చిన నాగజెముడు; పొదను తొక్కి దారి చేస్తుంది | ముళ్లకొమ్మలు | తల అందినంత | నాలుక గాయాలు, గింజల వ్యాప్తి |
| పంది | వేరు, దుంప | ముళ్ల కాడలు | నేల, లోపలి మట్టి | మట్టి కోత |

మీ పరిస్థితికి

బ్లాక్‌బెర్రీ, అడవి గులాబీ అల్లుకున్న చిన్న నేల, పక్కన తోట ఏమీ లేదు: మేకల్ని అద్దెకో అరువుకో తెచ్చుకోండి. కొనడం కంటే ఇదే మేలు, ఎందుకంటే మీకు కావలసింది ఏడాదికి రెండు మూడు విడతల మేతే. నేల చదునుగా ఉండి తర్వాత దున్నాలనుకుంటే చివర్లో పందుల్ని కలపండి.

పచ్చికలో అక్కడక్కడా థిసిల్ మాత్రమే ఉంటే మేకల దాకా వెళ్లక్కర్లేదు. ఇప్పటికే గాడిదలు ఉంటే వాటితో, లేకపోతే లేతప్పుడు గొర్రెలతో సరిపోతుంది. పూత రాకముందే మేపాలి, గింజ పడితే మళ్లీ మొదటికొస్తుంది.

సర్కారు తుమ్మ నిండిన బీడు కష్టమైన కేసు. దాని ఆకు దేనికీ పెద్దగా నచ్చదు, కాయ అన్నిటికీ నచ్చుతుంది. కేవలం మేతతో అది పోదు. మొదలుతో సహా పెకలించి, తర్వాత వచ్చే మొలకల మీదికి మేకల్ని తోలడం ఒక్కటే నాకు నమ్మకమున్న పద్ధతి. కాయలు రాలే కాలంలో మందను దూరంగా ఉంచాలి.

నాగజెముడు ఉంటే, ఒంటెలు అందుబాటులో లేనివాళ్లు జంతువు ఆలోచన పక్కన పెట్టి, నరికి, లోతుగా పూడ్చడమే మంచిది. నేలమీద పడిన ప్రతి మట్టా వేరు తన్నుకుంటుంది.

ఏది ఎంచుకున్నా, మొత్తం మందను తెచ్చేముందు ఒక మూల కంచె వేసి రెండు మూడింటిని వారంపాటు వదిలి చూడండి. ఏ పొద దగ్గర ఆగాయి, దేన్ని ముట్టుకోలేదు, కొమ్మకు బెరడు మిగిలిందా, పెంటికల్లో గింజలు కనపడుతున్నాయా అని గమనించండి. గింజలు కనపడితే, అక్కడ మేసిన మందను శుభ్రమైన నేలకు మార్చేముందు ఒక వారం దొడ్లోనే ఉంచి ఎండుమేత పెట్టండి. కడుపులో ఉన్న గింజల్లో ఎక్కువ భాగం ఆ దొడ్లోనే పడిపోతాయి, మొలిచినా ఏరేయడం తేలిక.